శ్యామలాంబ గారి వాక్కాయ నూనె

శ్యామలాంబ గారు ఏదీ మొదటిసారికి నమ్మరు. నల్లపాడు దగ్గర మిరపకాయల నుంచి నూనె తీసే మా కంపెనీలో ల్యాబుకి ఆవిడే పెద్ద; ఆవిడ కింద రిపోర్టులు రాసేది నేను. రోజంతా ఆవిడ నోట ఒకటే మాట: "మళ్ళీ ఒకసారి."

క్యాంటీన్ అల్లాబక్షు కాఫీ ఇస్తే గుక్క తాగి, "బ్రహ్మాండంగా ఉంది. మళ్ళీ ఒకసారి పెట్టు" అంటారు.

"బాగుంటే మళ్ళీ ఎందుకమ్మా?"

"ఏదో కలిసొచ్చి కుదిరిందేమో!"

ఆవిడ భర్త త్యాగరాజు గారైతే ఇంటికి తాళం వేసి, ఆవిడ అడక్కముందే తీసి మళ్ళీ వేసేస్తారట.

కిందటి వానాకాలం మా ఓనరు సంజీవరావు గారికి వాక్కాయల మీద మనసు పోయింది. పప్పులో వేసుకునే ఆ పుల్లటి కాయల గింజల్లో నూనె బాగా ఉంటే సబ్బులవాళ్ళు కొంటారని ఆశ. ఆ పని కొత్తగా చేరిన జ్యోతిర్మయికి అప్పజెప్పారు.

మా యంత్రంలో కార్బన్ డయాక్సైడుని వేడిచేసి గట్టిగా నొక్కితే, గాలీ కాని నీరూ కాని స్థితికొస్తుంది. గాలిలా గింజపొడిలోకి దూరి, ద్రవంలా నూనెను కరిగించుకుంటుంది. ఒత్తిడి తీసేయగానే తను ఎగిరిపోయి, నూనెను సీసాలో వదిలేస్తుంది.

జ్యోతిర్మయి తీసిన నూనె తూకం చూసి సంజీవరావు గారు గంతేసినంత పని చేశారు.

"సబ్బులవాళ్ళకి ఫోన్ చేసేస్తున్నా!"

శ్యామలాంబ గారు సీసా పైకెత్తి చూసి, "మళ్ళీ ఒకసారి తియ్యమ్మా" అన్నారు.

"ఎదురుగా కనబడుతుంటే ఇంకా అనుమానమేంటండీ?"

"నా చాదస్తం మీకు తెలియనిదా? రేపు చేద్దురుగాని ఫోను."

ఆయన విసుక్కుంటూ వెళ్ళిపోయారు. జ్యోతిర్మయి మిగిలిన గింజపొడిని చేతిలోకి తీసుకోగానే మొహం పాలిపోయింది.

"మేడం... పొడి చెమ్మగా ఉంది. ఆరబెట్టడం మర్చిపోయాను."

"అవునా? అయితే ఆరబెట్టు" అన్నారావిడ, అప్పుడే తెలిసినట్టు.

మర్నాడు తీసిన నూనె సగమే తూగింది. అందులో ఏయే కొవ్వులున్నాయో పరీక్షిస్తే, సబ్బుకి పనికొచ్చేవేనని తేలింది. అయినా సంజీవరావు గారు డీలాపడ్డారు.

"మిగతా సగం ఏమైపోయిందండీ?"

"ఎక్కడికీ పోలేదు. నిన్న తూగింది నీళ్ళు."

నిన్నే ఫోన్ చేసి ఉంటే ఏమయ్యేదో తలుచుకుని ఆయన కుర్చీలో కూలబడ్డారు. "మీ చాదస్తం చల్లగుండ!" అన్నారు. పొరపాటు ఎవరిదని అడగాలన్న సంగతే ఆయనకి తట్టలేదు.

అందరూ వెళ్ళాక అడిగాను. "మీకు నిన్ననే తెలుసు కదండీ?"

"సీసా అడుగున నీళ్ళు నిలబడి ఉంటే తెలియదూ? ఓనరు ముందు తప్పన్నాననుకో, ఆ పిల్ల ఇంక సీసా పట్టుకోవాలంటేనే వణుకుతుంది. మళ్ళీ చెయ్యమంటే తప్పు తనే పట్టుకుంటుంది."

నా గుండె కరిగిపోయింది. "మరి నా చేత రిపోర్టులన్నీ మళ్ళీ రాయిస్తారే! వాటిలోనూ తప్పులుండేవా?"

"ఏమో అబ్బాయ్! తప్పులు పట్టాలంటే ముందు నీ రాత అర్థం కావాలి కదా!"