తెలిసినవాళ్ళు ఇద్దరు

దర్జీ అన్నయ్యకి పెళ్ళీ పెటాకులూ లేవు. ఉన్నదల్లా ఒక గది, అందులో ఒక కుట్టుమిషను. ఆ గది గోడ పక్కనే నా ఇస్త్రీ బల్ల. ఇరవై రెండేళ్ళు ఆయన కుట్టిన బట్టలు నేను ఇస్త్రీ చేశాను, నా సణుగుడు ఆయన విన్నాడు. వట్టి మొహమాటస్తుడు. డబ్బు ఎగ్గొట్టినవాడు ఎదురొస్తే ఈయనే తల దించుకుని పక్కకి తప్పుకునేవాడు.

నిరుడు గుండెనొప్పి వచ్చి తేరుకున్నాక, "ఈ గది నీ పేర రాసేస్తానమ్మా" అన్నాడు. నేను ఆరు అద్దెకొంపలు మారినదాన్ని. వద్దని ఒకసారి అన్నాను, రెండోసారి అనలేదు.

వకీలుగారు వీలునామా రాసిపెట్టారు. "సాక్షి సంతకాలకి ఇద్దరు కావాలి. గది ఈవిడకి వస్తుంది కాబట్టి ఈవిడ పనికిరాదు. మీకు బాగా తెలిసినవాళ్ళనే తీసుకురండి" అన్నారు. అన్నయ్య మొహం పాలిపోయింది.

రెండు వారాలు తిరిగాడు. ఈయన కుట్టిన కోటు తొడుక్కుని పెళ్ళి చేసుకున్న కిరాణా కొట్టాయన, కోర్టు గొడవలు మనకెందుకన్నాడు. బడి మాస్టారుగారు రేపు రమ్మన్నారు, ఆ రేపు ఎప్పటికీ రాలేదు. మూడు వీధులవాళ్ళకి బట్టలు కుట్టిన మనిషికి ఒక్క సంతకం దొరకలేదంటే నాకు ఒళ్ళు మండిపోయింది.

"నిజానికి నన్నెరిగింది నువ్వొక్కదానివే. నీకు గది ఇవ్వకపోతే నువ్వే సాక్షివి అయ్యేదానివి" అని నవ్వాడు ఒక సాయంత్రం.

పోనీ గది వద్దులే అన్నయ్యా, నేనే సంతకం పెడతాను అనాలి. నోటిదాకా వచ్చింది. సిగ్గు విడిచి చెబుతున్నాను, మింగేశాను.

చివరికి వకీలుగారే తన గుమాస్తానీ, కారు డ్రైవర్నీ పిలిచారు. నన్ను బయట బెంచీ మీద కూర్చోమన్నారు. తలుపు తీసే ఉంది. గుమాస్తా సంతకం గీకేశాడు. డ్రైవరు పెన్ను పట్టుకుని నసిగాడు.

"పెద్దాయనా, మీరెవరో నాకు తెలీదు కదండీ."

"నీ ఎడమ భుజం కాస్త దిగి ఉంటుంది నాయనా. చొక్కా అటే జారుతుంది కదూ?"

"అవునండీ! మీకెలా తెలుసు?"

"నాకు నువ్వు తెలిశావుగా. దాంతో సరిపెట్టుకుందాం. పెట్టు."

చేతులు మొహానికి అడ్డం పెట్టుకుని ఏడ్చాను. లేచి లోపలికి వెళ్ళి, ఆ గదీ వద్దు గిదీ వద్దు, ఈయన నాకు తెలుసు, నేను పెడతానని అరవాలనిపించింది.

వెళ్ళలేదు. ఇప్పుడా గదిలో నేనుంటున్నాను.