తెనాలి నుంచి సూర్యలంక దాకా, అంగారకుడి ఫొటోతో

ఈ ప్రయాణం నేను కొట్టిన ముప్పై నాలుగు ఇంటూ మార్కులతో మొదలైంది. తెనాలిలో ఒక చిన్న ప్రైవేటు బడిలో ఏడో తరగతికి సైన్స్ చెబుతాను. అంగారకుడి మీద మంచు కనిపించిందని ఈ ఏడాది పేపర్లన్నీ రాశాయి కదా, ఆ ఉత్సాహంలో నెట్ సెంటర్‌కి వెళ్ళి అంగారకుడి ఫొటో ఒకటి ప్రింటు తీయించి, జిరాక్సులు తలా ఒకటి పంచాను. ఎప్పుడో అక్కడ నీళ్ళు పారిన గుర్తులవి. గుండ్రటి గుంట, దాని గట్టుకొక గండి. గండికి బయట లావుపాటి గీత ఒకటి, లోపల వేళ్ళలా చీలిన సన్న గీతలు. నీళ్ళు ఎటు నుంచి ఎటు పారాయో బాణం గీయమన్నాను. క్లాసంతా లావు గీత నుంచి సన్న గీతల వైపు గీసింది. నేను కడప జిల్లాలో పుట్టినదాన్ని. మా వైపు వాన పడితే సన్నటి వంకలన్నీ పరిగెత్తుకొచ్చి ఏట్లో కలుస్తాయి. నీళ్ళంటే కలిసేవే తప్ప విడిపోయేవి కావని నా గట్టి నమ్మకం. ఎర్ర పెన్ను తీసి అందరికీ ఇంటూ కొట్టేశాను.

షాహీన్ అనే అమ్మాయి ఒక్కతే చెయ్యెత్తింది. "టీచర్, మా కాలవలు ఇలాగే చీలతాయి కదండీ?" అంది. నేను ఊరుకోవచ్చు కదా! "కాలవ మనుషులు తవ్వింది. అంగారకుడి మీద కూడా ఇరిగేషన్ ఆఫీసు ఉందేంటి?" అన్నాను. క్లాసు గొల్లుమంది. ఆ పిల్ల కూర్చుంది. ఆ తర్వాత నెల రోజులు నా క్లాసులో ఆ చెయ్యి పైకి లేవలేదు. అంతకు ముందు పీరియడుకు పది ప్రశ్నలు వేసే పిల్ల! నీళ్ళు ఎలా పారతాయో కళ్ళారా చూపిస్తే అలక తీరుతుందనుకుని రెండో శనివారం ప్రయాణం పెట్టాను. అప్పటికీ నేను చెప్పిందే ఒప్పని నా ధీమా.

తెనాలిలో రేపల్లె పాసింజరు పొద్దున్న ఆరున్నరకు కదిలింది. టికెట్టు పెద్దవాళ్ళకు ఆరు రూపాయలు, పిల్లలకు సగం. తొమ్మిది మంది పిల్లలు, నేను, తోడుగా షాహీన్ వాళ్ళ నాన్న ఖాదర్ గారు. ఆయన బోరు మోటార్లు బాగుచేస్తారు. రెండు బకెట్లు, ఒక రేకు ముక్క పట్టుకొచ్చారు. కిటికీ బయట డిసెంబరు మంచు. కోతలైన చేలు, వరి కుప్పలు, పక్కనే కాలువ, అన్నీ ఒకే తెలుపులో కలిసిపోయి ఉన్నాయి. రైలు నేల మీద పోతోందో నీళ్ళ మీద పోతోందో తెలియలేదు. వేమూరు దాటాక కాసేపు మనిషి జాడ లేదు. ఇది మన ఊరి పక్క నేల కాదని, ఎన్నడో నీళ్ళు ఇంకిపోయిన ఏదో గ్రహమని అనిపించింది. ఆ మైకంలో ఉండగా ఖాదర్ గారు నెమ్మదిగా అన్నారు.

"మా అమ్మాయి ఇదివరకు సాయంత్రమైతే షెడ్డుకొచ్చి, నీళ్ళు పైకెలా ఎక్కుతాయి, ఎందుకెక్కుతాయి అని నా బుర్ర తినేసేదండి. ఇప్పుడు రావట్లేదు. నాకేమీ తెలీదులే అంటందండి."

ఎదురుగా షాహీన్ కిటికీకి చెంప ఆనించి కాలువనే చూస్తోంది.

రేపల్లెలో దిగి, స్టేషను బయట బండి దగ్గర ఇడ్లీ తిన్నాం. తర్వాత రెండు ఆటోలు మాట్లాడుకుని పెనుమూడి వంతెనకు బయలుదేరాం. రానూ పోనూ ఆటోకు నూట ఇరవై అన్నారు, బేరమాడితే వంద. దారిలో ఒక లాకుల దగ్గర ఆపించాను. కాలువ నీటిని ఆపి వదిలే తలుపులవి. అక్కడ పనిచేసే లస్కరు, తలపాగా చుట్టిన పెద్దాయన, పిల్లల్ని చూసి సంబరపడిపోయారు.

"పైనుంచి వచ్చేది ఒక్క కాలవేనమ్మా. కిందకొచ్చేతలికి పిల్ల కాలవలు పాతిక. ఈ తలుపెత్తితేనే ఆటికి పేణం" అని చక్రం తిప్పి చూపించారు.

మనుషులు తవ్వినవేగా, అనుకున్నాను లోపల. వంతెన మీదికి చేరాక ఆ మాట కూడా మిగల్లేదు. కింద కృష్ణ ఎంత వెడల్పో! మంచు విడిచి, నీళ్ళూ ఆకాశమూ ఒకే రంగులో ఉన్నాయి. ఇదంతా ఇలాగే వెళ్ళి సముద్రంలో కలుస్తుందని పిల్లలకు చెబుతున్నాను. ఆటో అతను మధ్యలో అందుకున్నాడు.

"ఇలాగే ఎందుకెళ్తదండీ టీచరుగారూ? సముద్రం దగ్గరయ్యే కొద్దీ పాయలు పాయలుగా చీలిపోద్ది కదా!"

"ఎవరు చీల్చారు?" అన్నాను.

"ఎవరు చీలుస్తారండీ, దానంతటదే!"

గతుక్కుమన్నాను. మా చిన్న బడిలో సోషలూ నాదే. పుస్తకంలో డెల్టా పాఠం నేనే చెప్పాను, పరీక్షలో నేనే అడిగాను. చెప్పిన పాఠం నాకే గుర్తు రాలేదు. షాహీన్ నా వైపు చూసింది. ఆ చూపు ముందు నాకు తల కొట్టేసినట్టయింది.

రేపల్లె నుంచి చెరుకుపల్లి మీదుగా బాపట్ల బస్సు గంటన్నర. పిల్లలు నిద్రపోయారు. నేను సంచిలోంచి ఫొటో తీసి చూస్తూ కూర్చున్నాను. అయినా నా మొండితనం పూర్తిగా పోలేదు. ఇక్కడి నది చీలితే అంగారకుడి మీద కూడా చీలాలని ఎక్కడుంది? బాపట్లలో దిగి, మళ్ళీ ఆటోల్లో సూర్యలంక చేరేసరికి పన్నెండున్నర. తీరం దగ్గర పాకలో భోజనం ఇరవై రూపాయలు. అన్నం, చేపల పులుసు, తినని వాళ్ళకు పప్పు. మేం హడావిడిగా ఇసుక వైపు పరిగెడుతుంటే వడ్డించే ఆవిడ ఆపింది.

"ఓ గంట ఆగండమ్మా. నీళ్ళు యెనక్కి తీస్తన్నాయి. ఇప్పుడు తవ్వితే అల వచ్చి ఊడ్చుకుపోద్ది."

ఆగాం. సముద్రం వెనక్కి తగ్గాక, తడి ఇసుక మీద ఎండ మెరుస్తుండగా పని మొదలైంది. ఫొటోలో ఉన్నట్టే ఒక గుంట తవ్వి, చుట్టూ గట్టు పోసి, గట్టుకు ఒకచోట గండి పెట్టమన్నాను. గండికి పైన వాలుగా ఒక కాలువ. కాలువకు అడ్డంగా ఖాదర్ గారి రేకు ముక్క, అదే మా లాకు. మగపిల్లలు బకెట్లతో నీళ్ళు మోసుకొచ్చి రేకు వెనక నింపారు.

"షాహీన్, నువ్వెత్తమ్మా" అన్నాను.

ఆ పిల్ల వాళ్ళ నాన్న వైపు చూసి, వంగి, రేకు ఎత్తింది. నీళ్ళు లావుగా ఒకే ధారగా గండిలోంచి దూకాయి. ఇసుకను తోసుకుంటూ గుంటలోకి దిగి, అక్కడ వేగం తగ్గగానే ఇసుకను వదిలేసి, ఆ మేట మీద వేళ్ళలా విడిపోయాయి. మూడుసార్లు చేశాం, మూడుసార్లూ అంతే. చివర్లో షాహీన్ రేకు మూసేసింది. నీళ్ళు ఇంకిపోయాయి, గీతలు మిగిలాయి. ఫొటో తెచ్చి పక్కన పెట్టాను. అచ్చం అదే బొమ్మ.

"మీ అందరి బాణాలూ కరెక్టే. తప్పు నాది" అన్నాను. "షాహీన్, ఆరోజు నిన్ను చూసి అందరూ నవ్వేలా చేశాను. అలా అనకుండా ఉండాల్సింది. నీకు బాగా తెలుసమ్మా."

పిల్లలు చప్పట్లు కొట్టారు. షాహీన్ తలదించుకుని కాలి వేలితో ఇసుక గీస్తూ ఉండిపోయింది. అంతే, నా ముఖం చూడలేదు. క్షమాపణ అడిగితే చాలు, అన్నీ సర్దుకుంటాయనుకోవడం కూడా పెద్దవాళ్ళ ధీమానే.

సాయంత్రం బాపట్లలో తెనాలి వైపు పాసింజరు ఎక్కాం. గంట ప్రయాణం. పొన్నూరు దాటేసరికి చేల మీద ఎండ పచ్చబడి, కాలువల్లో ఆకాశం గులాబీ రంగుగా పారుతోంది. పిల్లలు ఒకరి మీద ఒకరు వాలి తూగుతున్నారు. నాకూ కళ్ళు మూతలు పడుతుంటే ఎదురుగా ఏదో కదిలింది. కళ్ళు తెరిచి చూస్తే, చీకటిపడుతున్న ఆ పెట్టెలో షాహీన్ చెయ్యెత్తి ఉంది, క్లాసులో ఎత్తినట్టే నిటారుగా.

"అడగమ్మా" అన్నాను.

"టీచర్, మన లాకు నేను మూశాను. మరి అంగారకుడి మీది లాకు ఎవరు మూశారండీ?"

ఖాదర్ గారు నవ్వుతూ కిటికీ వైపు తిరిగి కళ్ళు తుడుచుకున్నారు.

"తెలీదమ్మా" అన్నాను. ఇన్నేళ్ళ ఉద్యోగంలో ఆ మాట అంత సంతోషంగా ఎప్పుడూ అనలేదు.

సోమవారం మళ్ళీ నెట్ సెంటర్‌కి వెళ్ళి, ఫొటో కింద ఇంగ్లీషులో ఉన్న వివరం చదివాను. ముందే చదవాల్సింది, జిరాక్సు హడావిడిలో వదిలేశాను. పాత సరస్సులోకి ఒక నది చేరినచోట పేరుకున్న మేట అని రాసి ఉంది. ఎండిన వంకల మధ్య పెరిగిన నాకు నీళ్ళు కలిసే దారే తెలుసు, కాలువల చివర పెరిగిన ఆ పిల్లకు పంచుకునే దారి తెలుసు. ఎక్కడో ఎర్రమట్టి గ్రహం మీద నీళ్ళు ఆమె చెప్పినట్టే పారి ఆగిపోయాయి. ఎందుకు ఆగాయో ఇప్పుడు ఇద్దరం కలిసి వెతుకుతున్నాం.

పిల్లల్ని తీసుకుని వెళ్ళేవాళ్ళకు ఒక మాట. సూర్యలంకలో సముద్రం ఎప్పుడు వెనక్కి తగ్గుతుందో అక్కడివాళ్ళని అడిగి ఆ వేళకు చేరండి, బకెట్లు ఇంటి నుంచే తీసుకెళ్ళండి. రేకు ఎత్తే ముందు నీళ్ళు ఎటు పోతాయో మీరు మాత్రం చెప్పకండి. ఎవరు చెయ్యెత్తుతారో చూడండి.