మొదటి ఫోటో మర్చిపోయిన నర్సు

మంగోలియా రాజధాని ఉలాన్‌బాతర్‌కు ఉత్తరాన కొండవాలు మీద, గుడారపు ఇళ్ళ నడుమ ఉన్న ఆ చిన్న మిషన్ ఆసుపత్రిలో బోక్‌సున్‌కు రెండు పనులు. రోజంతా నర్సు. నెలాఖరున ప్రార్థన లేఖ రాసే మనిషి. కొరియాలో తమను పంపిన చర్చి సంఘానికి ప్రతి నెలా ఆ లేఖ చేరాలి. అందులో ఒక రోగి కథ ఉండాలి, ఆ రోగివి రెండు ఫోటోలు ఉండాలి. మొదటిది ఆసుపత్రికి వచ్చిన రోజుది, రెండోది నయమయ్యాక తీసింది. డాక్టరైన ఆమె భర్త గ్యూచల్ ఈ పద్ధతి పెట్టి పదకొండేళ్ళయింది.

చీము వాసన ఆమెకు ఏనాడూ వెగటు పుట్టించలేదు. పురుగులు పట్టిన పాదాన్ని ఒళ్ళో పెట్టుకుని కడిగి, వెంటనే వెళ్ళి అన్నం తినగలిగేది. ఆ ఫోటోల కింద తను రాసే రెండు వాక్యాలే ఆమె నోట్లో జిడ్డులా మిగిలిపోయేవి.

కూతురు దాన్‌బీకి పదమూడేళ్ళు. సంఘం నుంచి అతిథులు వచ్చినప్పుడల్లా ఆ పిల్ల పండగ బట్టలు కట్టుకుని మంగోలు భాషలో ఒక కీర్తన పాడాలి. ఈస్టరుకు ముందు సంఘ పెద్ద కూ గారు ఏడుగురిని వెంటబెట్టుకుని వస్తున్నారనగానే ఆ పిల్ల తలుపు వేసుకుంది.

"పాడను. నేనేమన్నా లేఖలో రోగినా?" అంది లోపలినుంచి.

బోక్‌సున్ తలుపు కొట్టలేదు.

ఈసారి ఆ వచ్చేవాళ్ళు ఉత్తినే రావడం లేదు. ఆసుపత్రిని ఇంకో మూడేళ్ళు నడపాలో మూసెయ్యాలో తేల్చుకుని వెళ్తారు. రాగానే కూ గారు రోగుల కథలన్నీ విని సారన్ కథ ఎంచుకున్నారు. సారన్‌కు ఆరేళ్ళు. జనవరిలో మరుగుతున్న మాంసం చారు గిన్నె మీద పడి కుడిచెయ్యి భుజందాకా కాలింది. అవ్వ చిమెద్ ఆ పిల్లను దుప్పట్లో చుట్టి తెచ్చిన రోజున బోక్‌సున్ ఆ చేతిని ఇరవై నిమిషాలు చల్లటి నీళ్ళ ధార కింద పట్టుకుంది. ఫోటో సంగతి ఎవరికీ గుర్తు రాలేదు. ఇప్పుడు చర్మం గులాబీ రంగులో మూసుకుంది. మోచేయి మడత దగ్గర మాత్రం బిగుస్తోంది. ఇంకో రెండు నెలలు, రోజు విడిచి రోజు, నూనె రాసి సాగదీయకపోతే ఆ చెయ్యి జీవితాంతం వంకరగానే ఉండిపోతుంది. అందుకే చిమెద్ మంచు మీద నడుచుకుంటూ పిల్లను తెస్తోంది.

మొదటి ఫోటో లేదని బోక్‌సున్ చెబితే కూ గారు నవ్వేశారు. "దానికేముందమ్మా. ఓ కట్టు కట్టి, కాస్త ఎర్రమందు పోస్తే సరి. జరిగిందేగా చూపిస్తున్నాం."

ఆమె భర్తవైపు చూసింది. గ్యూచల్ తన బూట్లు చూసుకుంటున్నాడు. ఆమెను పక్కగదిలోకి తీసుకెళ్ళి, ఒక్క నిమిషం పనేనని, గాయం అబద్ధం కాదు కదా అని నచ్చజెప్పబోయాడు.

"గాయం అబద్ధం కాదండీ. కట్టు అబద్ధం."

"సరే, వద్దు. మూసేసుకుని పోదాం. అప్పుడు ఆ పిల్ల మోచెయ్యి ఎవరు సాగదీస్తారో నువ్వే చెప్పు."

 బోక్‌సున్ బయట కూర్చున్న చిమెద్ దగ్గరికి వెళ్ళి, పిల్లను తను చూసుకుంటానని, ఈలోగా ఇంటికి కావలసిన నీళ్ళు బండిలో నింపుకుని రమ్మని చెప్పింది. అంత మెత్తగా చెప్పినందుకు తన గొంతు మీద తనకే కంపరం పుట్టింది.

కట్టు కట్టింది. ఎర్రమందు పోసింది. చక్కిలిగిలై సారన్ కిలకిలా నవ్వింది. నవ్వు పనికిరాదన్నారు కూ గారు. జేబులోంచి చాక్లెట్టు తీసి పిల్ల చేతికిచ్చి, కాగితం విప్పేలోపు లాగేసుకుని వెనక దాచారు. పిల్ల మొహం ముడుచుకుంది. ఏడుపు లంకించుకుంది. వచ్చినవాళ్ళలో ఒకాయన ఫోనెత్తి నాలుగు ఫోటోలు తీశాడు. "ఆమెన్" అంది వెనకనుంచి ఒకావిడ. 

సరిగ్గా అప్పుడే చిమెద్ లోపలికి వచ్చింది. ఎర్రటి కట్టు చూసి అక్కడే నిలబడిపోయింది.

"మళ్ళీ పగిలిందా నర్సమ్మా? నేనేమన్నా తప్పు చేశానా? మీరిచ్చిన నూనే రాశాను. ఇంకేం రాయలేదు."

అది మందు రంగేనని ముసలామెకు చెప్పమని కూ గారు కొరియన్ భాషలో తొందరపెట్టారు. గ్యూచల్ ఏదో చెప్పబోయాడు. అప్పటికే బోక్‌సున్ కట్టు విప్పడం మొదలుపెట్టింది. చర్మం బాగానే ఉందని, ఇది ఫోటో కోసం తనే కట్టిన దొంగకట్టు అని, ఏడుపు కూడా కావాలనే తెప్పించారని మంగోలు భాషలో ఒక్కొక్క మాటా చెప్పింది. తర్వాత అవే మాటలు కొరియన్ భాషలో అతిథులకు చెప్పింది.

చిమెద్ పిల్లకు తన కోటు కప్పింది. "ఇందుకా నన్ను నీళ్ళకు పంపావు?"

అంతే. పిల్లను తీసుకుని వెళ్ళిపోయింది, మళ్ళీ రాలేదు.

అయినా ఫోటోలు కూ గారి వెంట కొరియా వెళ్ళాయి. ఆసుపత్రికి ఇంకో మూడేళ్ళు గడువు దొరికింది. ఆ నెల లేఖ బోక్‌సున్ రాయనంటే గ్యూచలే రాశాడు. రాసి చదివి వినిపించబోతే ఆమె లేచి వెళ్ళి చేతులు కడుక్కుంది.

చిమెద్ రావలసిన రోజులు మూడు దాటిపోయాయి. నాలుగోనాడు బోక్‌సున్ నూనె సీసా పట్టుకుని కొండెక్కింది. చిమెద్ తలుపు తీసింది. ఇంటికొచ్చిన మనిషికి పొయ్యకపోతే మర్యాద కాదు గనక ఉప్పు వేసిన పాల టీ గిన్నెలో పోసి ముందు పెట్టింది. సారన్‌ను మాత్రం తన ఒళ్ళోనే ఉంచుకుంది.

ఈ చెయ్యి ఇలా వదిలేస్తే వంకరైపోతుందని, తన మీద కోపం ఉంటే ఉండనిమ్మని, చేతిని మాత్రం ఇవ్వమని బోక్‌సున్ బతిమాలింది.

"నువ్వు ముట్టుకోకు. ఎలా చెయ్యాలో చెప్పు, నేను చేస్తాను."

బోక్‌సున్ తన మోచెయ్యి చాపి చూపించింది. బొటనవేలు ఎక్కడ పెట్టాలో, ఎంతసేపు లాగి పట్టాలో చెప్పింది. చిమెద్ మొరటువేళ్ళు కాస్త ఎక్కువే లాగాయి. పిల్ల మూలిగింది. బోక్‌సున్ చేతులు వాటంతటవే ముందుకు లేచాయి. వాటిని తొడల కింద అదిమి పెట్టుకుని, "నెమ్మదిగా. పది అంకెలు లెక్కపెట్టి వదులు" అంది.

రోజు విడిచి రోజు కొండెక్కి, ఆ గుడారంలో కూర్చుని, పోసిన టీ తాగి, అంకెలు చెప్పి దిగివచ్చేది. మే నెల వచ్చేసరికి ఆ మోచెయ్యి తిన్నగా సాగింది. దాన్ని బోక్‌సున్ ఒక్కసారి కూడా తాకలేదు.