మార్తమ్మ పలకరింపు

మా పల్లెపాలెంలో ఇల్లిల్లూ తిరిగి సువార్త చెప్పే మార్తమ్మకు తెల్లచీర నలగదు, నల్లగొడుగు చంక దిగదు. బావి దగ్గర ఏ ఆడమనిషి కనిపించినా ఆమె పలకరింపు ఒకటే: "ఇయ్యాల చస్తే యాడికి పోతావు మే, పరలోకానికా, నరకానికా?" మొన్న ఆమె కన్నతల్లి, మతం మారని ముసలామె, ప్రాణం పోయేముందు తులసాకు వేసి నోట్లో నాలుగు చుక్కల నీళ్లు పొయ్యమంది. "యేసయ్యే రక్షకుడని ఒక్క మాట అనుమా, పోస్తా. లేకుంటే ఆరని అగ్నిలో పడతావు!" అంది మార్తమ్మ. గ్లాసు పట్టుకున్న చెయ్యి వంగలేదు. ముసలామె గోడవైపు తిరిగి, ఎండిన నోటితోనే పోయింది. మూడోనాటికల్లా మార్తమ్మ గొడుగేసుకుని బావి దగ్గరికొచ్చి చెంచమ్మను అదే ప్రశ్న అడిగింది. చెంచమ్మ నిండుకడవ చంకనెత్తుకుంది. "మీ అమ్మ ఉండే కాడికే పోతాలే అక్కా. దప్పికతో పోయినాది పాపం, ఈ కడవ కూడా తీసకపోతా."