దేవరకొండలో మెయిన్ స్విచ్ దించిన సాయంత్రం

1963 వేసవిలో నేను నల్గొండలో, ప్రభుత్వ ప్రచార విభాగం జిల్లా కార్యాలయంలో ఆపరేటర్-కమ్-మెకానిక్‌గా పనిచేస్తున్నాను. హోదా పేరు పొడుగే కానీ ఆఫీసులో నా కింద ఉన్నది డ్రైవరూ, అటెండరూ మాత్రమే. పైన జిల్లా ప్రచార అధికారి. ఆయన పైన హైదరాబాదులో ఎంతమంది ఉండేవారో నాకు ఎప్పుడూ పూర్తిగా తెలియలేదు. ప్రచార వ్యాను వెనక జనరేటరు కట్టుకొని ఊరూరూ తిరగడం, తెర కట్టి డాక్యుమెంటరీలు వెయ్యడం, మంత్రిగారి సభ ఉంటే మైకులు అమర్చడం నా పని. మైకు పలికితే ఎవరూ నన్ను తలుచుకోరు. పలకకపోతే మాత్రం వేదిక మీదున్న ప్రతి ఒక్కరూ నా వైపే చూస్తారు.

ఆ ఏడు నన్ను ‘సిరినేల’ అనే గేయనాటకానికి డ్యూటీ మీద వేశారు. అలాంటిది మా ప్రాంతంలో అంతకుముందు ఎవరూ చూడలేదు. రెండు లారీల నిండా సెట్లు, చెక్క మీద గీసిన కొండలు, నీలం గుడ్డతో చేసిన కాలువ, నృత్య బృందం, గాయక బృందం, వయొలిన్లు, వేణువులు. కరువు నేలకు కాలువ నీళ్లొచ్చి పచ్చబడడం కథ. హైదరాబాదులో పెద్దల ముందు మొదలుపెట్టబోయే ముందు, కథలోని ప్రాంతంలోనే ఒకసారి ఆడి చూసుకోవాలని పైనుంచి ఆదేశం. దీన్ని ట్రయల్ షో అనేవారు. ఎక్కడ సాగుతున్నదో, ఎక్కడ జనం విసుక్కుంటున్నారో చూసుకొని సరిదిద్దుకోవడానికే ఆ ఏర్పాటు. దానికి దేవరకొండ హైస్కూలు మైదానాన్ని ఎంచుకున్నారు. జనాన్ని చూసి నేర్చుకోవడానికి వచ్చామని నోటితో చెప్పినవాళ్లు చివరికి ఆ జనాన్నే ఎలా తిట్టిపోశారో చెప్పడానికే ఇది రాస్తున్నాను. ఇన్నేళ్లయినా తలుచుకుంటే నాకు ఒళ్లు మండుతుంది.

నాటకం చివర్లో గ్రామదేవత వచ్చి కాలువను దీవించే ఘట్టం ఉంది. దర్శకుడు గారికి అందులో ‘అచ్చమైన’ చిందు కళాకారిణి కావాలట. నృత్య బృందంలోని అమ్మాయిలు ఆయన కంటికి ఆనలేదు. మనుషుల్ని పంపి వెతికించి తిరుమలగిరి వైపు నుంచి రాజవ్వను పిలిపించారు. చిందు యక్షగానంలో దేవత వేషానికి ఆమె పేరున్న మనిషి. నలభై దాటి ఉంటుంది. మొఖం నిండా పసుపు పూసుకొని, కళ్లకు కాటుక దిద్ది, గజ్జెలు కట్టి నిలబడితే నా అంతటివాడు కూడా చెప్పులు విప్పి పక్కన పెట్టాల్సిందే.

ఆమె ఊరికే రాలేదు. చిందు మేళాలకు తాతలనాడు పంచుకున్న ఊళ్లుంటాయి. పంట ఇంటికొచ్చాక వేసవిలో ఆ ఊళ్లన్నీ తిరిగి ఆడాలి. మేళం పోకపోతే ఆ ఊరు ఇంకో మేళం చేతిలోకి పోతుంది, మళ్లీ తిరిగి రాదు. ‘సిరినేల’ బృందంలో నెల జీతం మీద శాశ్వతంగా తీసుకుంటామని దర్శకుడు గారు మాటిచ్చారు. ఆ మాట మీద రాజవ్వ ఆ వేసవి తన ఊళ్లన్నీ మరిది మేళానికి వదిలేసి వచ్చింది. నాటకంలో నిలబడితే జీతం వస్తుంది. నిలబడకపోతే అదీ లేదు, ఇదీ లేదు. ఈ సంగతి దర్శకుడు గారికి తెలుసు. ఆమే నా ఎదుట ఆయనతో చెప్పింది.

ఇక నా పని సంగతి. వేదిక ముందు అంచున రేకుతో చేసిన పొడవాటి తొట్టి ఉంటుంది. అందులో బల్బులు వరసగా పెడతారు. వాటిని ఫుట్‌లైట్లు అంటారు, వెలుగు కింది నుంచి నటుల మొఖం మీద పడుతుంది. వాటి తీగల అతుకులకు మేం టేపు చుట్టేవాళ్లం. తడి తగలనంత కాలం దానితో ఇబ్బంది లేదు. దర్శకుడు గారు ఈ తొట్టి మధ్యలో ఖాళీ వదిలి, అక్కడ జనంలోకి దిగేలా వెడల్పాటి చెక్కమెట్లు కట్టించారు. నర్తకులు కాలువ నీళ్లలాగా ఆ మెట్ల మీది నుంచి ప్రేక్షకుల మధ్యకు పారుతూ రావాలని ఆయన ఊహ. ఊహ బాగానే ఉంది. కానీ దిగడానికి పెట్టిన మెట్లు ఎక్కడానికీ పనికొస్తాయని ఆయనకు తట్టలేదు.

రిహార్సల్ నాడు నేను తీగలు లాగుతుంటే రాజవ్వ వచ్చి నిలబడి చూసింది.

“మైకు సారూ, గీ మెట్లెందుకు వెట్టిండ్రు? నేను పసుపుతోని బయటికొచ్చిన్నంటే ఆడోళ్లు ఊకుంటరా? నీళ్లు తెస్తరు. గీ తీగలు జర ఎనుకకు జరుపుండ్రి” అంది.

నాకు కొత్తగా చెప్పినట్టేమీ అనిపించలేదు. నేను పుట్టింది మహబూబ్‌నగర్ జిల్లా మెట్ట ఊళ్లో. చిందాటలో దేవత వేషం బయటికొస్తే ఆడవాళ్లు పసుపు, వేపరెమ్మ వేసిన నీళ్లు తెచ్చి ఆ వేషం కాళ్ల మీద పోసి దండం పెట్టుకుంటారు. సాక పోయడం అంటారు. ఆ మైదానం చుట్టుపక్కల ఏ ఇంటి తలుపు తట్టి అడిగినా ఈ ముక్క చెప్పేవాళ్లు. నేను దర్శకుడు గారి దగ్గరికి వెళ్లి, ఫుట్‌లైట్లు తీసేసి గుంజలు పాతి దీపాలు పైనుంచి వేద్దామనీ, లేదంటే ఆ ఘట్టం ముందు మెట్లు పక్కకు జరిపిద్దామనీ చెప్పాను. పైనుంచి వేస్తే కళ్ల కింద నీడలు పడతాయన్నారు. మెట్లు కదిపితే తన నాటకం కుంటిదవుతుందన్నారు. రాజవ్వ మాట చెబితే నవ్వారు. “ఇది నాటకమయ్యా, జాతర కాదు. ముందు వరసలో కలెక్టరు ఆఫీసు వాళ్లు కూర్చుంటారు. కుర్చీలు వేసి కూర్చోబెడితే జనం మర్యాదగానే ఉంటారు” అన్నారు. మా జిల్లా అధికారి వైపు చూశాను. ఆయన ఆకాశం వైపు చూశారు.

అచ్చమైన మనిషి కావాలి, అచ్చమైన పసుపు కావాలి, అచ్చమైన గజ్జెలు కావాలి, ఆమెను చూసి అచ్చంగా దండం పెట్టుకునే మనుషులు మాత్రం వద్దు! ఇదెక్కడి న్యాయమో నాకు ఈనాటికీ అర్థం కాదు. నా చేతనైంది నేను చేసుకున్నాను. మెయిన్ స్విచ్ పెట్టెను తెర వెనక నుంచి తెప్పించి, నా ఆంప్లిఫయరు పక్కనే, చెయ్యి చాపితే పిడి అందేలా బిగించుకున్నాను.

దీపాలు పెట్టే వేళకు మైదానం నిండింది. చుట్టుపక్కల తండాల నుంచి కూడా బండ్లు కట్టుకొని వచ్చారు. మొదటి సగం జనం ఓపికగానే చూశారు. గాయక బృందం పెద్ద పెద్ద సమాసాలతో కాలువను పొగుడుతుంటే నా వెనక కూర్చున్న ముసలాయన పక్కవాణ్ని అడిగాడు: “గీళ్లు గింతసేపు ఎవల్ని తిడ్తుండ్రు బిడ్డా?” నీలం గుడ్డ కదిలినప్పుడు మాత్రం పిల్లలు ఈలలు వేశారు.

తరువాత రాజవ్వ వచ్చింది. ఒక్క గజ్జె మోతకే మైదానమంతా సద్దుమణిగింది. ఆమె గొంతెత్తి అమ్మవారి పాట అందుకుంది. వెనక వరసల్లో ఆడవాళ్లు లేచి నిలబడడం చూశాను. వాళ్లు నీళ్లకోసం ఎక్కడికీ పరిగెత్తలేదు. రాజవ్వ ఆడుతోందని తెలిసి ఇళ్ల దగ్గరి నుంచే చెంబులు, బిందెలు తెచ్చుకున్నారు. ఎవరూ తోసుకోలేదు, అరవలేదు. కొంగు నెత్తిన వేసుకొని వరసగా నడుచుకుంటూ, దర్శకుడు గారు కట్టించిన మెట్లే ఎక్కి వేదిక మీదికి వచ్చారు.

మొదటి బిందె ఒరిగింది. నీళ్లు రాజవ్వ పాదాల మీద పడి, పలకల వాలు పట్టుకొని ఫుట్‌లైట్ల తొట్టి వైపు పారాయి. పైన ఆడవాళ్లందరివీ వట్టి కాళ్లు, ఆమె కాళ్లకు ఇత్తడి గజ్జెలు. తడిసిన అతుకు రేకుకు తగిలిందంటే మొత్తం తొట్టికి కరెంటు పాకుతుంది. నేను పిడి దించేశాను.

దీపాలు పోయాయి, మైకులు పోయాయి. చీకట్లో జనరేటరు మోత ఒక్కటే మిగిలింది. దర్శకుడు గారు తడుముకుంటూ నా దగ్గరికి వచ్చి లైట్లు వెయ్యమని కేకలు వేశారు. తొట్టి తీగ ఊడదీసేదాకా వెయ్యను సార్ అన్నాను. నీ ఉద్యోగం తీయిస్తానన్నారు. తీయించుకోండి, ప్రాణాలు మాత్రం తీయకండి అని నేనూ గట్టిగానే అన్నాను. ఆయన పిడి మీద చెయ్యి వేయబోతే అడ్డం నిలబడ్డాను.

ఈ గలాటా అంతా జరుగుతుంటే రాజవ్వ పాట ఆపలేదు. ఆటలో దీపం పోతే పాట ఆపకూడదన్నది ఆమెకు చిన్నప్పటి నుంచి అలవాటు. పక్కనున్న చాయ్ హోటలాయన తన గ్యాసు లైటు తెచ్చి వేదిక మూలన పెట్టాడు. ఆ వెలుగులో మిగిలిన ఆడవాళ్లూ సాక పోసి, దండం పెట్టి, వచ్చిన దారినే దిగి వెళ్లి కూర్చున్నారు. ఒక్క మనిషికి దెబ్బ తగలలేదు. నేను ఫుట్‌లైట్ల తీగను పూర్తిగా విడదీసి మళ్లీ పిడి ఎత్తేసరికి ఆమె పాట పూర్తయింది. మిగతా నాటకం వేదిక పైన ముందే వేలాడదీసి ఉన్న కొద్దిపాటి దీపాలతోనే నడిచింది. మొఖాల మీద నీడలు పడ్డాయని ఎవరూ ఫిర్యాదు చెయ్యలేదు.

మర్నాడు ట్రావెలర్స్ బంగళాలో సమీక్ష జరిగింది. ట్రయల్ షోలో ఏం నేర్చుకున్నామన్నది దాని విషయం. నేర్చుకున్నది ఇదీ: ఇక్కడి జనానికి నాటకం చూసే సంస్కారం లేదు. రాజవ్వ వాళ్లను ఉసిగొల్పింది. ఆపరేటరు అనుమతి లేకుండా కరెంటు తీసి ప్రదర్శన పాడుచేశాడు. మెట్ల గురించి, తొట్టి గురించి, ముందే చెప్పిన మాట గురించి ఒక్కరూ ఎత్తలేదు. నేను ఎత్తితే, అడిగినప్పుడు మాట్లాడమన్నారు. మా జిల్లా అధికారి అక్కడే ఉన్నారు. ఆయన టీ తాగుతున్నారు.

రాజవ్వను తీసేశారు. బంగళా వరండాలో నిలబడ్డ ఆమెకు ఆ మాట చెప్పడానికి దర్శకుడు గారు బయటికి కూడా రాలేదు, గుమాస్తాను పంపారు. నాకు మెమో ఇచ్చారు. మెమో అంటే నీ తప్పుకు కారణం చెప్పమని అడిగే కాగితం. దానికిచ్చే జవాబును సంజాయిషీ అంటారు. జరిగింది జరిగినట్టు రాసి ఇచ్చాను. జవాబుగా మహబూబ్‌నగర్‌కు బదిలీ వచ్చింది.

బదిలీకి ముందు, ఆపరేటర్లు చాలక నన్ను హైదరాబాదు ప్రారంభ ప్రదర్శనకు కూడా పిలిచారు. మెట్ల దగ్గరి దీపాలు చూసే పని అప్పగించారు. గ్రామదేవత ఘట్టం వచ్చింది. నృత్య బృందంలోని అమ్మాయి పసుపు రంగు పెయింటు పూసుకొని వచ్చి పెదాలు కదిపింది. స్పీకర్లలోంచి వచ్చింది మాత్రం రాజవ్వ గొంతు. రిహార్సల్లోనే ఆమె పాటను టేపు మీద పట్టేశారని నాకప్పుడు తెలిసింది. మనిషి పనికిరాలేదు, గొంతు పనికొచ్చింది! నాటకం ముగిసి తెర పడగానే దర్శకుడు గారి దగ్గరికి వెళ్లి, కనీసం పాడిన మనిషి పేరు మైకులో చెప్పించమని అడిగాను. ప్రభుత్వ నిర్మాణంలో వ్యక్తుల పేర్లు చెప్పే పద్ధతి లేదన్నారు. ఆయన నిలబడ్డ చోటికి సరిగ్గా తల మీద ఆయన పేరు మూరెడు అక్షరాలతో వేలాడుతోంది.

ఆ తర్వాత బదిలీ సామాను సర్దుకునే లోపు ఆఖరి సారి తిరుమలగిరి అంగడికి వ్యాను తీసుకొని వెళ్లాను. రాజవ్వ అక్కడ కనిపించింది. మరిది ఊళ్లు తిరిగి ఇవ్వలేదు. ఆయన మేళంలోనే చెలికత్తె వేషాలు వేస్తోంది. దేవత వేషం ఇప్పుడు తోటికోడలిదట. హైదరాబాదులో జరిగింది దాచకుండా చెప్పాను. ఆమె గొంతు టేపులో వేశారని కూడా చెప్పాను. ఆమె ఒక్కటే అడిగింది.

“గా పిల్లకు ఎవలన్న నీళ్లు తెచ్చిండ్రా సారూ?”

“లేదు. చప్పట్లు కొట్టిండ్రు.”

“గట్లనా? మరి అమ్మోరు రాలేదని ఒక్కలకు గుడ తెల్వలేదా?” అని, కొంగు దులుపుకొని మేళం బండి ఎక్కింది.

ఆ ఉదంతం నాకు ఉద్యోగంలో పనికొచ్చే రెండు సంగతులు నేర్పింది. వేదిక మీదికి ఎవరు ఎక్కుతారు, చేతిలో ఏం పట్టుకొని ఎక్కుతారు అన్నది ఆ ఊరివాళ్లను అడిగాకనే నేను తీగలు లాగేవాణ్ని. ఇది నా కింద పనిచేసిన వాళ్లందరికీ నేర్పాను. రెండోది, నా చేతి కింద ఏ టేపు తిరిగినా, ముందు మైకు అందుకొని ఆ గొంతు ఎవరిదో, ఏ ఊరిదో నేనే చెప్పేవాణ్ని. అది పద్ధతి కాదని మహబూబ్‌నగర్‌లో ఉండగా ఒకసారి మెమో ఇచ్చారు. దానికి నేను సంజాయిషీ ఇవ్వలేదు.