మోకాలి తాళం

డెబ్బైమంది వాయిస్తున్న ఆర్కెస్ట్రాని నేనొకసారి ఒంటి చేత్తో ఆపేశాను. ముందు నిలబడి కర్ర ఊపుతున్న కండక్టరు వియన్నాలో పుట్టి, అక్కడి పెద్దవాళ్ళ దగ్గర చదువుకున్నవాడు. అయినా వాద్యాలు ఆగింది నా చెయ్యి వల్లే.

ఈ సంగతి ఇక్కడ కెనడాలో, బ్రాంప్టన్‌లో మా సీనియర్ల క్లబ్బులో చాలాసార్లు చెప్పాను. చెప్పినప్పుడల్లా ఆర్కెస్ట్రాలో ఇంకో పదిమంది చేరుతూ వచ్చారు. కాగితం మీద పెట్టేటప్పుడు కాస్త తగ్గడం మర్యాద కాబట్టి ఒప్పుకుంటున్నాను. వాళ్ళు నలభైమందికి అటూ ఇటూగా ఉంటారు. అందులో పళ్ళ డాక్టరున్నాడు, రిటైరైన లెక్కల టీచర్లున్నారు, సిటీ బస్సు నడిపే ఆవిడ కూడా ఉంది. మా ఆవిడ ఒక కండక్టరు కింద వాయిస్తోందంటే క్లబ్బులో ఒకాయన ఏ రూట్లో అని అడిగాడు. ప్రాక్టీసు మంగళవారం సాయంత్రాలు, ఎటోబికోలో ఒక చర్చి హాల్లో. కండక్టరు వియన్నావాడన్నది మాత్రం అణా పైసలతో సహా నిజం.

మా ఆవిడ వయొలిన్ విద్వాంసురాలు. ఆంధ్రాలో ఉన్నప్పుడు రేడియోలో ఏ గ్రేడు. అంటే నేనలా చెబుతుంటాను. ఆవిడ పక్కనుంటే మాత్రం బి హై అని దిద్దుతుంది. నేలమీద కూర్చుని, వయొలిన్ తలని పాదానికి ఆనించి వాయించడం చిన్నప్పటి నుంచి అలవాటు. అలాంటి మనిషి అరవై దాటాక కుర్చీలో నిటారుగా కూర్చుని, గడ్డం కింద బిగించి, ఆవిడ చీమలబారు అని పేరు పెట్టిన నొటేషన్ చదవడం నేర్చుకుంది. ఆర్కెస్ట్రావాళ్ళు పరీక్ష పెట్టి, రెండో వయొలిన్ల గుంపులో చివరి కుర్చీ ఇచ్చారు. అదీ తాత్కాలికంగానే. కొత్త సంవత్సరం కచేరీలో కూర్చోబెట్టాలో వద్దో కండక్టరు డిసెంబరులో తేలుస్తానన్నాడు.

ఆ కచేరీ నిండా వియన్నా వాల్ట్సులే. వాల్ట్స్ అంటే మూడు దెబ్బల నాట్య సంగీతం, మన తకిట అనుకోండి. 'త' పెద్ద వాద్యాలు వేస్తాయి, 'కిట' రెండో వయొలిన్లది. చిక్కంతా ఆ 'కి' దగ్గరే ఉంది. వియన్నా పద్ధతిలో అది తన వంతు రాకముందే కాస్త తోసుకొస్తుంది. 'ట' మాత్రం తీరిగ్గా, భోంచేసి వచ్చినట్టు వస్తుంది. ఎంత ముందు, ఎంత తీరిక అన్నది ఏ నొటేషన్లోనూ ఉండదు. మా ఆవిడకి చిన్నప్పుడు గురువుగారు తాళం తప్పితే తొడపాశం పెట్టి నేర్పారు. ఇప్పుడు ఈ వయసులో కావాలని తప్పమంటున్నారు.

పెళ్ళైన దగ్గర్నుంచీ ఆవిడ సాధన చేస్తుంటే ఎదురుగా కూర్చుని తాళం వెయ్యడం నా ఉద్యోగం. నాకు కరెంటాఫీసులో ఇంకో ఉద్యోగం ఉండేది, అది రిటైరయ్యాక పోయింది. ఇది మిగిలింది. ఆవిణ్ణి హాలుకి దింపి, కండక్టరు వీపు వెనక హీటరు పక్కన కుర్చీ వేసుకునేవాణ్ణి. వాల్ట్స్ మొదలవగానే నా చెయ్యి దానంతటదే తొడమీద పడేది. ఒక దెబ్బ, ఇంకో దెబ్బ, అరచెయ్యి తిప్పి ఒక విసురు. సమానంగా, గోడ గడియారంలాగా.

ఒక మంగళవారం కండక్టరు వాద్యాలు ఆపించి, వెనక ఎవరో మరీ కరెక్టుగా వాయిస్తున్నారు, దయచేసి మానుకోండి అన్నాడు. మళ్ళీ మొదలెట్టారు. మళ్ళీ ఆపాడు. మూడోసారి ఆయన మా ఆవిడ చూపు వెంబడే వెనక్కి తిరిగాడు. నా చెయ్యి సరిగ్గా విసురు మీద ఉంది, గాల్లో. దాన్నేం చెయ్యాలో తెలియక తల గోక్కున్నాను.

"సార్, ఈ హాల్లో ఒక కండక్టరుకే చోటుంది. ఆవిడ నా కర్రని చూడటం లేదు. నా భుజం మీంచి మీ చేతిని చూస్తోంది," అన్నాడాయన.

అందరూ నవ్వారు, మా ఆవిడ తప్ప. వచ్చే మంగళవారం ఆవిడ ఒక్కర్తినీ ముందు విని, కచేరీ సంగతి అప్పుడే చెబుతానన్నాడు.

ఇక్కడ నేను లేచి, అయ్యా, మీ రెండో దెబ్బ పరిగెత్తుతోంది, మా వైపు దీన్ని తాళం తప్పడం అంటారు అని గట్టిగా చెప్పినట్టు క్లబ్బులో ప్రచారంలో ఉంది. ప్రచారం చేసింది నేనే. నిజానికి సారీ అన్నాను. వినపడలేదేమోనని ఇంకోసారి సారీ అన్నాను.

ఇంటికి వెళ్తూ హైవే ఎక్కాం. మంచు పల్చగా పడుతోంది.

"నా చెయ్యి ఎందుకు చూశావోయ్?" అన్నాను.

"చూడాలని చూశానా? కళ్ళు అటే పోతాయి. వచ్చే వారం మీరు లోపలికి రాకండి."

"మరి డ్రైవింగో?"

"డ్రైవ్ చెయ్యండి. పార్కింగ్‌లో కూర్చోండి." నెమ్మదిగా అంది. "తీసేస్తే మళ్ళీ పిల్లల అరంగేట్రాల్లో పక్క వాయిద్యమేనండీ. నాకు తెలీనిది నేర్పేవాళ్ళు ఇన్నాళ్ళకి దొరికారు."

దీనికి నేనేదో గొప్ప సమాధానం చెప్పానని రాయొచ్చు. వైపర్లు వేశాను, అంతే.

మర్నాటి నుంచి ఇంట్లో యుద్ధం. 'కి' ముందుకి జరిపితే మరీ పరిగెత్తేది, వెనక్కి లాగితే గడియారం అయిపోయేది. ఫోనులో వియన్నావాళ్ళ వీడియోలు పెట్టుకుంది, లాభం లేకపోయింది. నేను చేతులు వెనక్కి కట్టుకుని తిరుగుతున్నాను.

నా కుడి మోకాలు అరిగిపోయి చాలా కాలమైంది. మార్పిడి ఆపరేషన్‌కి వెయిటింగ్ లిస్టులో ఉన్నాను. ఎడమ కాలు బరువుగా పడుతుంది. కుడికాలు ఆనిస్తే నొప్పి కాబట్టి చటుక్కున వేసి తీసేస్తాను. తర్వాత చేతికర్ర నింపాదిగా వచ్చి ఆనుతుంది. రెండోరోజు ఉదయం కాఫీ కోసం చెక్క నేల మీద అలాగే వంటింట్లోకి వెళ్తున్నాను. ముందు గదిలో వయొలిన్ ఆగిపోయింది.

"ఆగండి. మళ్ళీ నడవండి."

"ఎక్కడికి?"

"ఎక్కడికైతేనేం. నడవండి."

నా నడకలో ఏదో కొత్త జబ్బు కనిపెట్టిందనుకుని భయపడుతూనే డైనింగ్ టేబుల్ చుట్టూ తిరిగాను. దమ్, చక్... చక్. నా ఎడమ కాలికి ఆవిడ విల్లు ఊరుకుంది, కుడికాలికి చటుక్కున పడింది, కర్రకి తీరిగ్గా పడింది. రెండో రౌండుకి ఆవిడ నవ్వుతోంది. మూడో రౌండుకి నేను వియన్నా.

వియన్నావాళ్ళు తరతరాలుగా దాచుకున్న రహస్యం నా మోకాల్లో ఉందని ఆ సాయంత్రమే క్లబ్బులో ప్రకటించాను. దీన్ని తగ్గించి రాయడానికి మాత్రం నాకు మనసు రావడం లేదు.

వారమంతా టేబుల్ చుట్టూ ప్రదక్షిణలు చేశాను. ఒకరోజు భరించలేక నొప్పి మాత్ర వేసుకున్నాను. రెండడుగులు వేశానో లేదో ఆవిడ కనిపెట్టేసింది.

"మాత్ర వేసుకున్నారు కదూ? తాళం పోయింది," అంది. తర్వాత తనే నాలుక కరుచుకుని కుర్చీ లాగి నన్ను కూర్చోబెట్టి, మోకాలికి వేణ్ణీళ్ళ కాపడం పెట్టింది.

మంగళవారం ఆవిడ లోపలికి వెళ్ళింది. నేను మైనస్ ముప్ఫైలో కారులో కూర్చుని ఆవిడ కోసం గడ్డకట్టుకుపోయాను. హీటరు వేసుకునే అనుకోండి. బ్రేకులో తింటానని ఆవిడ తెచ్చుకున్న జంతికలు కూడా నేనే తినేశాను, ఆందోళనలో.

వచ్చి వయొలిన్ వెనక సీట్లో పెట్టింది. బెల్టు పెట్టుకుంది. కచేరీ రోజు వాళ్ళంతా నల్లబట్టలే వేసుకుంటారు.

"నల్లచీర మీదకి జాకెట్టు ఎక్కడుందో వెతకాలి," అంది.

నేను కారు తియ్యడం మర్చిపోయాను. ఇప్పుడు కరెక్టుగా లేదు, బాగుంది అన్నాడట ఆయన. ఎవరు నేర్పారని అడిగితే మా ఆయన మోకాలు అందట. ఇంగ్లీషులో మోకాలంటే 'నీ' కదా, ఆయన ఎవరో ప్రొఫెసర్ నీ అనుకుని ఏ ఊరని అడిగాడని నేను చెబుతుంటాను. అది నా కల్పన. ఆయనకి వెంటనే అర్థమైంది. తనకీ ఒక మోకాలు అరిగిందట.

కచేరీకి హాల్లోకి రానిస్తానంది, కానీ దళసరి చలి గ్లవ్స్ వేసుకుని కూర్చోవాలని షరతు పెట్టింది. ఒంటికి కోటు లేదు, చేతులకి మాత్రం గ్లవ్స్ ఉన్నాయి. పక్కసీటు ఆవిడ నన్ను జాలిగా చూసింది. నల్లచీరలో మా ఆవిడ చివరి కుర్చీలో కూర్చుంది. సగం స్తంభం చాటుకి పోయింది, విల్లు పట్టిన చెయ్యి కనబడింది. అది చాలు నాకు.

చివర్లో జనమంతా చప్పట్లు కొట్టే మార్చ్, అంటే కవాతు బాణీ, ఒకటుంటుందట, వియన్నాలో ఆచారం. కండక్టరు మావైపు తిరిగి ఇక కొట్టండని సైగ చేశాడు. ఇన్ని మంగళవారాల తర్వాత నాకు లైసెన్సు వచ్చింది. కొట్టాను. దిండ్లు దులిపినట్టు వినపడింది. పళ్ళతో గ్లవ్స్ లాక్కుని, ఆ తొందరలో అందరికంటే ముందు ఒకటి కొట్టాను. ఆయన నావైపే చూసి అరచెయ్యి కిందికి దించాడు. నాకు సెల్యూట్ చేశాడని క్లబ్బులో చెప్పాను. నెమ్మదిగా కొట్టమన్నాడు.

హాలంతా చేతులు ఆడుతున్నాయి. మా ఆవిడ నావైపు చూస్తుందేమోనని చూశాను. చూడలేదు. కర్రనే చూస్తోంది. నా రెండో ఉద్యోగం కూడా పోయిందని అప్పుడు తెలిసింది. గర్వంగానే ఉంది, కొంచెం అదోలా కూడా ఉంది.

జనవరిలోనే హాస్పిటల్ నుంచి ఫోనొచ్చింది, మోకాలి వంతు వచ్చిందని. ఆవిడ వయొలిన్ తుడుస్తూ వింది.

"వసంతం కచేరీలోనూ వాల్ట్సులున్నాయండీ. నా కుర్చీ ఇంకా పక్కా కాలేదు."

"అయితే ఆపరేషన్ వద్దంటావా?"

"అదేం మాట? చేయించుకోండి. ఈలోగా ఓ నాలుగు రౌండ్లు నడవండి, రికార్డ్ చేసుకుంటా."

ఫోను నేలమీద పెట్టింది. నేను కర్ర అందుకున్నాను. రికార్డింగు కదా, పదికాలాలు ఉంటుందని కాస్త ఎక్కువే కుంటుతూ నడిచాను.

"ఎక్కువ చెయ్యకండి," అంది ఆవిడ. "ఉన్నంత చాలు."