అన్నం ముందు జేజినాయన రుమాల

నా చిన్నప్పుడు మా ఇంట్లో తలకు రుమాల చుట్టుకొని అన్నం ముందు కూర్చున్న మగవాణ్ణి నేను ఒక్కసారి తప్ప చూడలేదు. చేలోనుంచి వచ్చినవాళ్ళు కాళ్ళు కడుక్కొని, రుమాల విప్పి, దుమ్ము దులిపి, గోడకున్న కొయ్యకు తగిలించి, ఆ తర్వాతే కూర్చునేవారు. మా జేజినాయన, అంటే మా నాయనకు నాయన, చర్చి సంఘంలో పెద్ద. ప్రార్థనలో మగవాడి తలమీద ఏమీ ఉండకూడదని, ఆడవాళ్ళు కొంగు కప్పుకోవాలని మాకు బోధించేవారు. ప్రార్థన లేకుండా మా ఇంట్లో ముద్ద నోట్లోకి పోయేది కాదు కాబట్టి ఆ నియమం అన్నం దగ్గరికి కూడా వచ్చింది. పావడాలు కట్టుకునే వయసులో నేను కూడా తువ్వాలు నెత్తిన వేసుకొని కళ్ళు మూసుకునేదాన్ని. ఈనాటికీ అదే నమ్ముతాను, అదే పాటిస్తాను. ఈ మాట ముందే ఎందుకు చెబుతున్నానంటే, కింద రాసింది చదివి నేను విశ్వాసంలో చల్లబడ్డానని కొందరు అనుకుంటారు.

చల్లబడలేదు. మండిపోతున్నాను.

పోయిన నెల కర్నూలులో నా మనవడి పెళ్ళి జరిగింది. పెళ్ళి చర్చిలో, విందు ఫంక్షన్ హాల్లో. పత్తికొండ దగ్గరున్న మా ఊరినుంచి ఒక పెద్దాయన వచ్చాడు. మా ఊళ్ళో దూది ఏకే మామ ఒకాయన ఉండేవాడు, ఆయన కొడుకు. వరస కలవకపోయినా చిన్నప్పటినుంచి నేను అన్నా అనే పిలుస్తాను. ఎనభైకి దగ్గరపడిన మనిషి, ఆ ఎండలో రెండు బస్సులు మారి వచ్చాడు. తెల్లటి టోపీ పెట్టుకొని, పళ్ళెం పట్టుకొని వరుసలో నిలబడ్డాడు. భోజనానికి ప్రార్థన చేయడానికి పాస్టరుగారు మైకు అందుకున్నారు. అప్పుడు నా చిన్నకొడుకు, సంఘం కమిటీలో ఉన్నవాడు, ఆ పెద్దాయన దగ్గరికి పోయి, "పెద్దాయనా, ప్రార్థన జరుగుతాండాది, టోపీ తీసి నిలబడు" అన్నాడు.

అన్న నా కొడుకును ఒకసారి చూశాడు. "నమాజుకు పొద్దయింది నాయనా, నేను పోయొస్తా" అని పళ్ళెం మెల్లగా బల్లమీద పెట్టి నడిచాడు. మోకాళ్ళ నొప్పులతో నేను కుర్చీలోనుంచి లేచి గేటు చేరేసరికి ఆటో కదిలిపోయింది. నా ఇంటి పెళ్ళిలో, నా కళ్ళముందు, ఒక మనిషి ఆకలితో వెళ్ళిపోయాడు.

తిరిగొచ్చి ఆ హాలంతా చూశాను. క్రికెట్ టోపీలు వెనక్కి తిప్పి పెట్టుకున్న కుర్రాళ్ళు ఎంతమందో. నల్ల కళ్ళద్దాలు నెత్తిమీదికి ఎత్తుకున్నవాళ్ళు, ఫోటోల కోసం పెళ్ళివాళ్ళిచ్చిన తలపాగాలతోనే బిర్యానీ తింటున్నవాళ్ళు. ఆ టోపీ ఒక్కటే కనబడిన నా కొడుకు కళ్ళకు ఇవేవీ కనబడలేదు. కింద చాప మీద కూర్చోవడం పోయింది, కొయ్య పోయింది, రుమాల పోయింది. పోనీ, కాలంతోపాటు పోయేవి పోతాయి. కొంగు కప్పుకోని నా మనవరాళ్ళను నేను ఒక్క మాట అనలేదు. కానీ మన పిల్లల తలల మీద మనం వదిలేసుకున్న నియమాన్ని పరాయివాడి తల మీద మాత్రం నిలబెట్టడం భక్తి కాదు. దాన్ని ఏమనాలో నాకు తెలుసు. మా జేజినాయన నేర్పించాడు.

మా జేజినాయన సంతకు పోయేటప్పుడు నన్ను వెంట తీసుకుపోయేవాడు. దారిలో పెద్దవీధి దాటాలి. ఆ వీధి మొదట్లోనే ఆయన రుమాల విప్పి చంకలో పెట్టుకునేవాడు. అరుగుల మీద కూర్చున్నవాళ్ళ ముందు మా వాళ్ళెవరూ తల కప్పుకొని నడవకూడదు. వీధి దాటాక మళ్ళీ చుట్టుకునేవాడు. "ఎందుకు జేజినాయనా తీస్తావు" అని ఒకసారి అడిగాను. "నెత్తికి రోంత ఎండ తగలాలమ్మా, లేకుంటే బూజు పడతాది" అన్నాడు. నేను నిజమేననుకొని నవ్వాను. ఆయన నవ్వలేదు.

మా వీధిలోకి వచ్చి, మా ఇంట్లో కూర్చొని, మా పళ్ళెంలో అన్నం తినే బయటివాడు ఊరు మొత్తానికి దూదేకుల మామ ఒక్కడే. మిగతావాళ్ళు మా చేత పని చేయించుకునేవారు, మా ఇంటి నీళ్ళు ముట్టేవారు కాదు. పత్తి తీసినాక ఆయన దూది ఏకే విల్లు భుజాన వేసుకొని వచ్చేవాడు. మా వసారాలో కూర్చొని దూది ఏకి మాకు పరుపులు, బొంతలు కుట్టిపెట్టేవాడు. గడ్డం, కనుబొమలు అన్నీ దూదిపింజలతో నిండిపోయేవి. పని చేసేటప్పుడు తలకు పాత గుడ్డ చుట్టుకునేవాడు. అన్నానికి పిలిస్తే ఆ గుడ్డ విప్పి, చేతులు కడుక్కొని, జేబులో మడతపెట్టుకున్న తెల్ల టోపీ తీసి పెట్టుకునేవాడు. మా జేజినాయన తల ఖాళీ అయ్యేదీ, ఆయన తల నిండేదీ ఒకేసారి. "ఆ నున్నటి నెత్తి చూసి మీ దేవునికి ఏం సంబరమప్పా, నాలుగు ఎంటికలు గూడా మిగలకపాయె" అని ఆయన ఆటపట్టించేవాడు. "మా దేవుడు తలమీది ఎంటికలన్నీ లెక్క పెడతాడంట, ఆయనకు సులువుగుంటాదిలే" అని జేజినాయన అనేవాడు. ఏటేటా అదే మాట, ఏటేటా అదే నవ్వు.

ఆ ఏడు మా అత్త పెళ్ళికి పరుపు కుట్టడానికి మామ వచ్చాడు. అదే రోజు మా సంఘానికి కొత్తగా వచ్చిన ఉపదేశిని కూడా జేజినాయన అన్నానికి పిలిచాడు. పల్లెల్లో పాస్టరు లేనిచోట ఆరాధన నడిపేవాణ్ణి ఉపదేశి అంటాం. ఈయన పట్నంలో వాక్యం చదువుకొని వచ్చిన యువకుడు. మంచివాడే. ఆయన ప్రార్థన చేస్తే రాయి కూడా కరుగుతుందని మా జేజి, అంటే నాయనమ్మ, అనేది. ఆ రోజు కోడికూర, జొన్నరొట్టె. మామ తినాలని కోడిని ఆయన చేతనే కోయించారు. నేను చెంబుతో అందరి చేతులమీద నీళ్ళు పోశాను. అందరూ చాపమీద కూర్చున్నారు. మామ టోపీ పెట్టుకున్నాడు.

ఉపదేశి కళ్ళు మూసుకోబోయి ఆగాడు. "సాయిబూ, ఆ టోపీ తీసి కూర్చో. దేవుని సన్నిధిలో ఉన్నాం" అన్నాడు.

వడ్డిస్తున్న మా జేజి గరిటె గిన్నెలోనే ఉంచి, "ఆ కోడిని కోసింది గూడా ఆ టోపీనే ఉపదేశయ్యా, కూర గూడా తియ్యమంటావా" అంది. ఎవరూ నవ్వలేదు. మామ ముఖం చూడలేకపోయాను. ఆయన లేచి వెళ్ళిపోతే మళ్ళీ మా వసారాలో విల్లు మోగదని, మా ఇంట్లో అన్నం తినే బయటివాడు ఇక ఉండడని ఆ వయసులో కూడా నాకు అర్థమైంది.

లేచింది మామ కాదు, మా జేజినాయన. నేరుగా కొయ్య దగ్గరికి పోయి రుమాల అందుకున్నాడు. తొందర లేకుండా, ఒక్కో చుట్టూ బిగించి, పండగ రోజు చర్చికి బయల్దేరేటప్పుడు చుట్టుకున్నంత చక్కగా చుట్టుకున్నాడు. వచ్చి మామ పక్కన కూర్చున్నాడు. అన్నం ముందు ఆయనను అట్లా చూడటం అదే మొదలు. నాకు భయమేసింది.

"ఇదేంటి పెద్దయ్యా" అన్నాడు ఉపదేశి.

"పెద్దవీధిలో నా రుమాల తీపిస్తారు ఉపదేశయ్యా. మా నాయనదీ తీపిచ్చిరి. తీసేవాని కడుపులో ఎట్లుంటాదో నాకు తెలుసు. నా ఇంట్లో, నా అన్నం ముందర, అట్లాంటి పని జరగకూడదు" అన్నాడు జేజినాయన. గొంతు పెంచలేదు. కానీ రుమాల కొసను ఇంకోసారి బిగించి దోపాడు. ఆయన కోపం నేను చూసిందీ అప్పుడే.

"నేను మనుషుల కోసం తీయమన్నానా? దేవుని కోసం కదా."

"దేవుడు అడిగితే ఆయప్ప తీస్తాడు. నువ్వు అడగాకు."

మామ తట్టుకోలేకపోయాడు. "నా వల్ల మీకెందుకప్పా రచ్చ, గుడ్డముక్కే కదా, తీస్తాలే" అని టోపీమీదికి చెయ్యి ఎత్తాడు. జేజినాయన ఆ మణికట్టు పట్టుకున్నాడు. "ఉండనీ" అన్నాడు. ఇద్దరి చేతులూ కాసేపు గాలిలోనే ఉన్నాయి. తర్వాత జేజినాయన, "నీ మాట నువ్వు చెప్పుకో ముందు" అన్నాడు. మామ దోసిలి విప్పి బిస్మిల్లా అని తన మాట మెల్లగా చెప్పుకున్నాడు. అది ముగిశాక జేజినాయన తన చేత్తో తన రుమాల విప్పి, మడిచి ఒళ్ళో పెట్టుకొని, ఖాళీ తల వంచి ప్రార్థన చేశాడు. ఆమెన్ అన్నవాళ్ళలో ఉపదేశి గొంతు కూడా వినబడింది. ఆ ప్రార్థనలో ఏ మాటలున్నాయో నాకు గుర్తులేదు. ఆ తలను మాత్రం మర్చిపోలేదు. పెద్దవీధిలో ఖాళీగా ఉండేదీ ఆ తలే, ఇక్కడ ఖాళీగా ఉన్నదీ ఆ తలే. అక్కడ అది వంగినట్టుండేది. ఇక్కడ అది దేవుని ఎదుట నిలబడినట్టుంది.

మరుసటి సంతకు నేను కూడా వెంట పోయాను. పెద్దవీధి మొదట్లో జేజినాయన చెయ్యి తలమీదికి పోలేదు. అరుగుమీది పెద్దమనిషి ఒకాయన, "ఏమప్పా, నెత్తిన పుండు గాని లేసిందా, గుడ్డ తియ్యలే" అన్నాడు. "ఉండె సామీ, ఇన్నాళ్ళకు మానె" అని జేజినాయన నా చెయ్యి పట్టుకొని నడిచాడు. ఆ ఏడు వాళ్ళ చేలల్లో మమ్మల్ని కూలికి పిలవలేదు. మా జేజి రాత్రిపూట పొయ్యి వెలిగించడం మానేసింది. రుమాల మాత్రం మళ్ళీ చంకలోకి దిగలేదు.

ఈ కథ నా కొడుక్కి పసితనంలోనే చెప్పాను. వాడు మర్చిపోయాడో, లేక తాత ముత్తాతలు పడిన అవమానం తనది కాదనుకున్నాడో తెలియదు. పెళ్ళి మరునాడు వాణ్ణి బండి తీయమన్నాను. "అమ్మా, అందరూ అలిసిపోయినారు, ఫోన్‌లో మాట్లాడతాలే" అన్నాడు. "ఫోన్‌లో అన్నం పెడతావేమిరా" అన్నాను. పత్తికొండ దాటేదాకా వాడితో మాట్లాడలేదు.

అన్న వాకిట్లోనే మంచం మీద ఉన్నాడు. ఎందుకొచ్చారని అడగలేదు. "రాండి, శానా ఎండ ఉండాది, కాళ్ళు కడుక్కోండి" అన్నాడు. కోడలు చాప పరిచి వడ్డించింది. అన్న టోపీ పెట్టుకున్నాడు. మనవళ్ళలో టోపీ దొరకనివాడు చేతిరుమాలు నెత్తిన వేసుకొని కూర్చున్నాడు. అన్నం దగ్గర తల కప్పుకోవడం వాళ్ళ ఇంటి పద్ధతి. ఆ చాపమీద మగవాళ్ళలో ఖాళీగా ఉన్న తల మా వాడిదొక్కటే. అందరూ చూశారు, ఎవరూ ఏమీ అనలేదు. మా వాడు జేబులోనుంచి చేతిరుమాలు తీసి విప్పబోయాడు.

అన్న చెయ్యి చాచి వాడి మణికట్టు పట్టుకున్నాడు. "ఉండనీ నాయనా. మీకు తీసి తినేది అలవాటు" అన్నాడు. మా వాడు ఏడ్చాడు. నేను ఓదార్చలేదు.

తిరిగొచ్చే దారిలో తప్పయిందమ్మా అన్నాడు. ఆ మాట నాతో కాదు, ఏ మైకులో ప్రార్థన జరుగుతుండగా ఆయనను పంపించావో అదే మైకులో సంఘం ముందు చెప్పమన్నాను. ఇంకా చెప్పలేదు. ప్రతి ఆదివారం ఎదురు చూస్తున్నాను.

పొద్దు గుంకేలోపు కోపం విడిచిపెట్టాలని మాకు బోధ. రోజూ విడిచిపెడుతున్నాను. మరునాడు అన్నం ముందు కూర్చొని కొంగు తలమీదికి లాక్కునేటప్పుడు అది మళ్ళీ వస్తోంది. జేజినాయన కొయ్యమీది రుమాల అందుకున్నప్పుడు ఆయన చేతుల్లో ఉన్న కోపమే అది. మిగతా పాపాలన్నీ దేవుని ముందు ఒప్పుకుంటాను. దీన్ని మాత్రం పాపమని ఒప్పుకోను.